పేక కలిపే యంత్రానికి బల్లలో చోటు

బల్లకు రంధ్రం కోయడానికి నాకు గంట కూడా పట్టలేదు. ఎక్కడ కోయాలో తేల్చుకోవడానికి మాత్రం మూడు శనివారాలు పట్టింది. పోకర్ బల్లలో షఫ్లర్, అంటే పేక కలిపే యంత్రం, ఎలా బిగించాలని ఎవరు అడిగినా మొదట ఈ లెక్కే చెబుతాను. రంపం కదిలిన తరువాత దిద్దుకోగలిగే తప్పులు చాలా తక్కువ.

మేము ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. నెలకు రెండు శనివారాలు మా గరాజులో ఆట సాగుతుంది. నేను, మా ఆయన, ఇంకో రెండు తెలుగు జంటలు, ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పక్కింటి పెద్దాయన. బల్ల నేనే చేశాను. పేక కలపడం దగ్గరే చిక్కు వచ్చింది. పెద్దాయనకు వేళ్ళ కీళ్ళ నొప్పి. ఆయన వంతు వచ్చినప్పుడల్లా సగం ముక్కలు నేల మీద ఉండేవి. మేమేమో చిన్నప్పటి అలవాటు ప్రకారం ఎడమచేతిలో పేక పట్టుకుని గుత్తులు గుత్తులుగా జార్చి కలిపేవాళ్ళం. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, గుత్తి గుత్తిగానే జారుతుంది కాబట్టి పక్కపక్క ముక్కలు చాలావరకు విడిపోవు. పేకను రెండు సగాలు చేసి అంచులు ఒకదానిలోకి ఒకటి జొనిపే పద్ధతిలోనైతే 7 సార్లు కలిపితే చాలునని 1992లో డేవ్ బేయర్, పర్సీ డయాకొనిస్ అనే గణితవేత్తలు చూపించారు. మా బల్ల దగ్గర మూడోసారి దాటి కలిపే ఓపిక ఎవరికీ లేదు.

బ్యాటరీలతో నడిచే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతాయి. రెండు వైపులా సగం సగం పేక పెడితే రబ్బరు చక్రాలు వాటిని మధ్యలోకి తోస్తాయి. అది ఒక్కసారి కలపడంతో సమానం, అంతే. పైగా దాన్ని బిగించేది ఏమీ లేదు, బల్ల మీద పెట్టుకోవడమే. నేను చెబుతున్నది బల్లలోకి దిగే రకం గురించి. మూత తీసి పేక పెడతాం. చక్రాలు ఒక్కొక్క ముక్కనే అడుగు నుంచి లాగి, లోపలి అరల్లో ఏదో ఒకదానిలోకి యాదృచ్ఛికంగా పంపుతాయి. చివరికి అన్నీ ఒక కట్టగా పైకి లేస్తాయి. నాది ఇదంతా నిమిషంలోపు చేస్తుంది. ఈలోపు రెండో పేకతో ఆట నడుస్తుంది. ఎరుపు వీపు పేక ఆటలో ఉంటే నీలం వీపుది యంత్రంలో ఉంటుంది.

కాసినోలు ఇలాంటి యంత్రాలను ఎక్కువగా అద్దెకు తీసుకుంటాయి కాబట్టి మన చేతికి వచ్చేవి చాలావరకు పాతవే. నేనూ పాతదే కొన్నాను. కొనేముందు అమ్మేవారిని ఐదు సంగతులు అడగండి. పై అంచున చుట్టూ పట్టీ ఉందా? అది లేకపోతే రంధ్రం అంచులు కప్పడానికి ఏమీ ఉండదు. పట్టీ నుంచి అడుగు వరకు లోతు ఎంత? మూత ఎటు తెరుచుకుంటుంది? ఏ కొలత ముక్కలకు చేశారు? పోకర్ ముక్క వెడల్పు 2½ అంగుళాలు, బ్రిడ్జి ముక్క 2¼. ఎత్తు రెండింటికీ 3½ అంగుళాలే. చివరిది, రబ్బరు చక్రాలు, బెల్టులు విడిగా దొరుకుతాయా? ఈ చివరి ప్రశ్న నేను అడగలేదు. ఇప్పుడు బెల్టు తెగితే ఏం చేయాలో ఆలోచించుకుంటూ ఉంటాను. ఇండియాకు తీసుకువెళ్ళే ఆలోచన ఉంటే అడుగున ఉన్న రేకు మీద వోల్టేజి చదవండి. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ 230, 50.

కెమెరా సంగతి కూడా చెప్పాలి. కాసినోల్లో కనిపించే డెక్‌మేట్ 2 అనే షఫ్లర్ లోపల కెమెరా ఉంటుంది, పేకలో ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూడటానికి. 2023లో ఐఓయాక్టివ్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఆ యంత్రం యూఎస్‌బీ పోర్టుకు ఒక చిన్న పరికరం తగిలించి, కెమెరా ద్వారా ముక్కల వరస మొత్తం తెలుసుకోవచ్చని లాస్ వేగస్‌లోని బ్లాక్ హ్యాట్ సమావేశంలో చూపించారు. 2025 అక్టోబరులో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు బయటపెట్టిన కేసులోనూ, మార్చిన షఫ్లర్లతో పెద్ద పెద్ద పందేల ఆటలను మోసపూరితంగా నడిపారన్నది ఆరోపణ. మా ఆటలో మనిషికి 20 డాలర్లు దాటవు. అయినా కెమెరా లేని యంత్రమే వెతికి కొన్నాను, దాని పోర్టు బల్ల మధ్య వైపు ఉండేలా తిప్పి బిగించాను. మోకాళ్ళ దగ్గర, చీకట్లో, ఎవరి చేయైనా అందే చోట పోర్టు ఉండకూడదు. స్నేహితుల మీద అనుమానంతో కాదు. ఓడిపోయిన మనిషికి అర్ధరాత్రి అనుమానం రావడానికి సందు ఇవ్వకూడదని.

ఇక చోటు. కాసినోలో పంచే మనిషి ఒక్కరే, కుర్చీ ఒక్కటే. యంత్రం ఆ మనిషి చేతి పక్కన ఉంటుంది. ఇంట్లో పంచే వంతు తిరుగుతూ ఉంటుంది. యంత్రాన్ని ఒక కుర్చీ ముందు పెడితే ఆ కుర్చీలో కూర్చున్నవారు రాత్రంతా పేక మోసే కూలీ అవుతారు. ఇంకా పెద్ద చిక్కు మోకాళ్ళు. బల్ల ఎత్తు 30 అంగుళాలు, కుర్చీ ఎత్తు 18. కూర్చున్న మనిషి తొడల పై భాగం 24, 25 అంగుళాల దగ్గర ఉంటుంది. నా యంత్రం బల్ల మట్టం నుంచి 9½ అంగుళాలు కిందికి దిగుతుంది, అంటే దాని అడుగు నేలకు 20½ అంగుళాల ఎత్తున ఆగుతుంది. ఎదురుగా కూర్చున్నవారి మోకాలికి అది నేరుగా తగులుతుంది.

అందుకే రంపం ముట్టుకోకముందు యంత్రం కొలతలకు ఒక అట్టపెట్టె చేసి, బల్ల కింద టేపుతో అంటించి ఆట ఆడించాను. మొదటి శనివారం నా కుర్చీ ఎదుట. పది నిమిషాల్లో అది చిరిగింది. రెండో శనివారం బల్ల కొస దగ్గర. అక్కడి నుంచి అవతలి కొసకు పేక అందించడానికి ముగ్గురి చేతులు మారాల్సి వచ్చింది. మూడో శనివారం పొడవు వైపు నడిమధ్య, రెండు కుర్చీల సందులో, గుండ్రటి మెత్త అంచుకు 6 అంగుళాలు లోపలికి. ఎవరికీ తగల్లేదు, ఇరువైపులవారికీ చేయి అందింది. ఆ పెట్టె ఉన్నట్టే మరిచిపోయామని రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది. చోటు తేలింది.

కుర్చీలు తీసి, టార్చి పట్టుకుని బల్ల కింద పడుకుని చూస్తే మాత్రం అక్కడే, సరిగ్గా ఆ గుర్తుకు రెండు అంగుళాల దూరంలో, రెండు కాళ్ళనూ కలిపే దూలం! నేను బిగించిన దూలమే. పైన కొలిచినంతసేపూ అది గుర్తే లేదు. గుర్తును మరో మూడు అంగుళాలు అంచు వైపు జరిపాను. మీ బల్ల కొన్నదైనా చేసుకున్నదైనా, ఒకసారి కింద వెల్లకిలా పడుకోండి. దూలాలు, మడత కాళ్ళ కీళ్ళు, బల్లలో గ్లాసులు పెట్టుకునే గిన్నెల అడుగులు, మరమేకుల కొసలు అన్నీ అక్కడి నుంచే కనబడతాయి. తరువాత అట్టమూత పైకి ఎత్తి చూడండి, అసలు మూత తెరుచుకునే వైపుకే. అది మెత్త అంచుకు తగిలితే యంత్రాన్ని అటు తిప్పి ఇటు పెట్టాల్సిందే.

గుడ్డ విప్పడంతో పని మొదలవుతుంది. స్టేపుళ్ళు ఒక్కొక్కటే పీకండి. గుడ్డను గుంజితే సాగి మళ్ళీ సమంగా రాదు. దాని కింది మెత్తటి ఫోమును మడవకుండా పక్కన పరచండి. నా బల్ల పలక ముప్పావు అంగుళం బిర్చి ప్లైవుడ్, దాని మీద 6 మిల్లీమీటర్ల ఫోము, దాని మీద ముక్కలు జారే పాలియెస్టర్ గుడ్డ.

రంధ్రం నేరుగా బల్ల మీద గీసి కోయవద్దు. ముందు అర అంగుళం ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన) పలకలో మూస చేయండి. నా యంత్రం ఒళ్ళు 9 అంగుళాల వెడల్పు, 12½ పొడవు. నాలుగు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు సందు వదిలి మూసను 9¼ × 12¾ కోశాను. మూలమట్టంతో మూలలు సరిచూసి, యంత్రాన్ని ఆ మూసలోకే దింపి చూశాను. పట్టుకుంది. గరుకు కాగితంతో ఒక అంచు రుద్దితే సులువుగా దిగింది. మూసలో తప్పు జరిగితే పోయేది కొద్దిపాటి ఎమ్‌డీఎఫ్ ముక్క. బల్లలో జరిగితే బల్ల పోతుంది.

మూసను గుర్తు మీద రెండు వైపులా అంటుకునే టేపుతో అంటించి, క్లాంపులు బిగించి, లోపలి గీత పెన్సిలుతో గీయండి. మూస తీసి, నాలుగు మూలల దగ్గర గీత దాటకుండా ముప్పావు అంగుళం రంధ్రాలు తొలచండి. వాటి నుంచి జిగ్‌సా రంపంతో గీతకు కాస్త లోపలగా కోసుకుంటూ రండి. చివరి కోతకు ముందు మధ్య ముక్కను కింద నుంచి ఎవరైనా పట్టుకోవాలి, లేకపోతే బరువుకు విరిగి పడుతూ అంచు చీలికను వెంట లాక్కుపోతుంది. ఆ ముక్కను పారేయవద్దు. తరువాత మూసను మళ్ళీ పెట్టి, కాడ దగ్గర బేరింగు ఉన్న బిట్టుతో రౌటర్ (చెక్కను తొలిచే యంత్రం) తిప్పితే మూస అంచు అచ్చుగా దిగుతుంది. బిట్టు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలల్లో మిగిలే వంపును ఉలితో తీయాలి. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు, చెవులకు రక్షణ లేకుండా రౌటర్ ముట్టుకోకండి.

నా చేతితో జరిగిన తప్పు ఇక్కడే. చెక్కపనిలో ఏ రేకైనా సమమట్టంగా కూర్చోవాలంటే దాని మందమంత గాడి కొడతాం. అలవాటు కొద్దీ నేనూ యంత్రం పట్టీ మందం 3 మిల్లీమీటర్లంత గాడి కొట్టేశాను. కొట్టి, యంత్రం దింపి, గర్వంగా నిలబడి చూసుకున్న తరువాత పక్కన పరిచి ఉన్న ఫోము కనబడింది. ఆట జరిగేది చెక్క మీద కాదు, 6 మిల్లీమీటర్ల ఫోము మీద. అంటే నా పట్టీ గుంటలో గుంటగా 6 మిల్లీమీటర్లు దిగి కూర్చుంటుంది. ముక్కలు జారుతూ వచ్చి అందులో పడతాయి. నిజానికి నాకు కావలసింది గాడి కాదు, ఎత్తు. ఫోము మందంలోంచి పట్టీ మందం తీసేస్తే 3 మిల్లీమీటర్లు; అంత ఎత్తు దిమ్మె పట్టీ కింద ఉండాలి. గాడిని హార్డ్‌బోర్డు పట్టీలతో పూడ్చి, దాని మీద మరో 2½ మిల్లీమీటర్లు లేపాను. 3 కాకుండా 2½ ఎందుకంటే పట్టీ గుడ్డ కన్నా వెంట్రుకవాసి లోతుగా ఉండాలి. వెంట్రుకవాసి పైకి లేచినా ప్రతి ముక్క అంచూ దానికి తట్టుకుంటుంది. మీ ఫోము, మీ పట్టీ కొలిచి ఈ తీసివేత చేయండి. పట్టీయే మందంగా ఉంటే అప్పుడు గాడి.

బరువును పట్టీ మీద వేలాడదీయవద్దు. స్నానాలగది తూకం మీద పెడితే నా యంత్రం 31 పౌండ్లు, అంటే సుమారు 14 కిలోలు. బల్ల కింద రంధ్రం చుట్టూ పైన్ చెక్క పట్టీలు జిగురు పూసి మరమేకులతో బిగించాను. ఇంత పెద్ద రంధ్రం పడ్డాక ఆ చోట పలక బలహీనమవుతుంది, అక్కడే మనుషులు మోచేతులు ఆనిస్తారు. మరమేకులు పైకి పొడుచుకురాని పొడవు చూసుకోండి. ఆ పట్టీలకు ఇనుప ఎల్ బ్రాకెట్లు, వాటి మీద ఒక ప్లైవుడ్ అర. అరకు, యంత్రానికి మధ్య నాలుగు రబ్బరు బిళ్ళలు పెట్టాను. అవి లేకపోతే మోటారు అదురు బల్లంతా పాకి, చిప్పుల (పందెం బిళ్ళల) దొంతరలు వణుకుతాయి. యంత్రం గాలి తీసుకునే చిల్లుల ఎదురుగా అరకూ చిల్లులు తొలవాలి.

గుడ్డను అన్నిటికన్నా చివర కోయండి. ముందు ఫోమును పట్టీ బయటి అంచు వరకు తీసేయండి. గుడ్డను రంధ్రం మీదుగా యథాతథంగా పరచి, బల్ల చుట్టూ బిగించి, స్టేపుళ్ళన్నీ కొట్టిన తరువాత రంధ్రం మీద కత్తితో గుణకారం గుర్తులా కోయండి, మూలకు అర అంగుళం ముందే ఆగుతూ. వచ్చే నాలుగు రెక్కలను ఫోము అంచు మీదుగా, దిమ్మె మీదుగా లోపలికి మడిచి, రంధ్రం గోడకు స్టేపుల్ చేయండి. మిగులు కత్తిరించండి. పైన పట్టీ కూర్చుంటే ఏదీ కనబడదు.

కరెంటు పని పక్కింటి పెద్దాయన పర్యవేక్షణలో జరిగింది. తీగను అర మీదుగా కాలి లోపలి వైపుకు క్లిప్పులతో దించి, నేలలోని ప్లగ్గుకు చేర్చాం. తివాచీ కింద పొడిగింపు తీగ వేయనివ్వలేదు. దాని మీద కుర్చీ కాళ్ళు తిరిగి తిరిగి పై తొడుగు అరిగితే నిప్పు పుడుతుందని ఆయన పట్టు. యంత్రం దగ్గర రెండడుగుల తీగ చుట్టగా వదిలాం. ముక్క ఇరుక్కున్నప్పుడు యంత్రాన్ని పూర్తిగా పైకి ఎత్తాలంటే అది కావాలి.

బిగించగానే ఆటకు కూర్చోకండి. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఒక్కొక్క రంగునూ ఆసు నుంచి రాజు వరకు పేర్చి, యంత్రంలో ఒకసారి కలిపి, ముక్కలు ఒక్కొక్కటే తిప్పుతూ చూడండి. పేర్చిన వరసలో పక్కపక్కన ఉన్న జంటలు ఇంకా పక్కపక్కనే ఎన్ని ఉన్నాయి? ఎక్కే వరసలోనూ దిగే వరసలోనూ లెక్కించండి. నిజంగా కలిసిన పేకలో అలాంటివి సగటున రెండుకు ఒక వెంట్రుకవాసి తక్కువ. ఒకసారి సున్నా రావచ్చు, ఒకసారి ఐదు రావచ్చు. ఇరవైసార్లు చేస్తే మొత్తం 40 అటూ ఇటుగా ఉండాలి. నాకు 41 వచ్చాయి. 80, 100 వస్తే చక్రాలు రెండేసి ముక్కలు లాగుతున్నాయని అర్థం. దిగే వరసను ఎందుకు వదలకూడదంటే, కాసినోల కోసం చేసిన ఒక షఫ్లర్‌ను డయాకొనిస్, ఫుల్మన్, హోమ్స్ పరిశీలించి 2013లో ప్రచురించిన పరిశోధనలో బయటపడిన లోపం అదే. ఎక్కే వరసలు, దిగే వరసలు మిగిలిపోవడం వల్ల తరువాతి ముక్కను ఊహించేవారికి 52లో తొమ్మిదిన్నర వరకు సరిగ్గా తగిలే వీలుంది. బాగా కలిసిన పేకలో అది నాలుగున్నరే.

వాడకంలో శత్రువు మురుకుల చేయి. మా ఇంట్లో ఆటంటే పక్కన జంతికలు, మిరపకాయ బజ్జీలు ఉంటాయి. నూనె ముక్కకు, ముక్క నుంచి రబ్బరు చక్రానికి ఎక్కుతుంది, ఆపైన చక్రం జారి రెండేసి ముక్కలు లాగుతుంది. ఇప్పుడు పలహారాల బల్ల వేరు, మధ్యలో తడి తువ్వాలు. కాగితపు ముక్కలు వాడకండి, వాటి మూలలు మెత్తబడి ఇరుక్కుంటాయి. పూర్తి ప్లాస్టిక్ ముక్కలు గోరువెచ్చటి సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టవచ్చు. చక్రాలను నెలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడుస్తాను. యంత్రానికి ఇరుపక్కల ఉన్న గ్లాసు గిన్నెలను మూసేశాను.

డబ్బు గురించి ఒక మాట. యంత్రం ఖర్చు రాబట్టడానికి ప్రతి ఆటలో ఒక డాలరు పక్కన పెడదామని మా వాళ్ళలో ఒకరు అన్నారు. టెక్సస్ చట్టంలో ఇంటి ఆటకు రక్షణ ఉన్నది మూడు షరతుల మీద: ఆట వ్యక్తిగత స్థలంలో జరగాలి, గెలుపోటముల అవకాశాలు అందరికీ సమానంగా ఉండాలి, సొంత గెలుపు తప్ప ఎవరికీ మరే లాభమూ ఉండకూడదు. ఆ డాలరు మూడో షరతును చెరిపేస్తుంది. ఖర్చు మేమే భరించాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో జూదం చట్టాలను కఠినం చేశాయి కాబట్టి అక్కడ ఇలాంటి బల్ల చేసుకునేవారు చిప్పులతోనే తృప్తి పడాలి.

యంత్రం కలిపినా పేక కోయడం మానలేదు. తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్న అమ్మ పెట్టిన నియమం అది. మొదటి రోజు బల్ల దగ్గరికి వచ్చి, పేక పైకి లేవడం చూసి, "అమ్మాయీ, కలిపేది ఏదైనా కానీ, కోసేది మాత్రం పక్క మనిషే" అంది. పంచేవారి పక్కనున్నవారు కోస్తారు, అడుగున ఒక ప్లాస్టిక్ పలక ఉంచి అడుగు ముక్క కనబడకుండా పంచుతాం. అమ్మ ఆడే పదమూడు ముక్కల రమ్మీకి మాత్రం ఈ యంత్రం కొరగాదు. రెండు పేకలు, జోకర్లు కలిపి వేస్తే 52 దాటగానే ఎర్ర దీపం వెలిగించి ఆగిపోతుంది. జోకర్లు తీసి, రెండు పేకలూ విడివిడిగా కలిపించి, ఆపైన అన్నీ చేత్తో జార్చి కలుపుకోవాలి.

పారేయవద్దన్న ఆ ప్లైవుడ్ ముక్క మీద అదే ఫోము, అదే గుడ్డ అతికించి, అడుగున రెండు చెక్క పట్టీలు కొట్టండి. యంత్రం మరమ్మతుకు వెళ్ళినప్పుడు రంధ్రంలో పెడితే బల్ల మళ్ళీ నిండుగా ఉంటుంది. మాది ఇంతవరకు ఆ పనికి రాలేదు. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మధ్యాహ్నాలు ఒంటరిగా ముక్కలు పేర్చుకునేది.